105వ కిలోమీటరు అవతల

బొమ్మనహాళ్ మండలంలో తుంగభద్ర ఎగువ కాలువ కర్ణాటక దాటి ఆంధ్రలో అడుగుపెట్టే చోటును ఇక్కడివాళ్లు అంకెతోనే చెబుతారు. 105వ కిలోమీటరు అంటే చాలు, అనంతపురం రైతుకు అర్థమైపోతుంది. డ్యాము దగ్గర వదిలిన నీళ్లలో బళ్లారి జిల్లా దాటి మన దాకా ఎన్ని వచ్చాయో అక్కడి గేజీ చెబుతుంది. కాలువ పారే రోజుల్లో కణేకల్లు, ఉరవకొండ వైపు టీ బంకుల దగ్గర వాన కబుర్ల కంటే ఈ అంకె కబుర్లే ఎక్కువ.

ఒక సాయంత్రం ఆ గట్టు మీద కాలువ నీళ్లు చూసుకునే లస్కర్లు ఇద్దరు మాట్లాడుకుంటుంటే పక్కన నిలబడి విన్నాను. అవతలాయన ‘ఎష్టు ఇదె?’ అన్నాడు, ఎంత ఉందని. ఇవతలాయన ‘రాత్రి ఉన్నదానికి నాలుగు వేళ్లు తగ్గిందప్పా’ అన్నాడు. పైన ఎక్కడో మోటార్లు వేశారని ఆయన కన్నడంలో, మా పక్క తూము దగ్గర గడ్డి అడ్డం పడిందని ఈయన తెలుగులో, పది నిమిషాలు చెప్పుకున్నారు. ఒకరి భాషలోకి ఇంకొకరు మారలేదు. మారాలన్న ఆలోచనే ఇద్దరికీ రాలేదు. ఇద్దరికీ అంతా అర్థమైంది.

ఆ ఇద్దరూ అంత తీరుబాటుగా మాట్లాడుకోగలగడానికి భాష ఒక్కటే కారణం కాదు. వాళ్ల వెనక తుంగభద్ర బోర్డు ఉంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు, ఆంధ్ర రాష్ట్ర చట్టంలోని 66వ సెక్షన్ కింద రాష్ట్రపతి ఉత్తర్వుతో ఏర్పాటైన బోర్డు అది. కేంద్రం నియమించే ఛైర్మన్, రెండు రాష్ట్రాల సభ్యులు, తర్వాత కాలంలో తెలంగాణ సభ్యుడు. డ్యామునూ కుడి గట్టు కాలువలనూ చూసేది ఈ బోర్డే. ఈ ఏడాది ఎన్ని నీళ్లు వస్తాయి, ఎవరికి ఎన్ని, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నవన్నీ ఒకే బల్ల చుట్టూ కూర్చుని తేల్చుకోవాలి. గొడవలు లేవని కాదు. బళ్లారి జిల్లాలో కాలువకు అక్రమంగా మోటార్లు తగిలిస్తున్నారని అనంతపురం వైపు నుంచి ఏటా ఫిర్యాదు పోతూనే ఉంటుంది. అయితే ఆ ఫిర్యాదు చెప్పుకోవడానికి ఒక గది ఉంది, వినడానికి ఒక కుర్చీ ఉంది. ఆంధ్ర, కర్ణాటకల మధ్య ఈ కరువు నేల పొడవునా అలాంటి గది ఇంకొకటి లేదన్నదే నా బాధ.

ఆ గది విలువ 2024 ఆగస్టులో కళ్లారా చూశాం. ఆగస్టు 10 రాత్రి డ్యాము 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. జలాశయం ఆ ఏడు నిండుగా ఉంది. ఆ నీళ్లు ఖాళీ అయిపోతున్నాయన్న వార్త విన్న రాత్రి అనంతపురంలోనూ బళ్లారిలోనూ రైతులు నిద్రపోలేదు. 60 అడుగుల వెడల్పున్న ఆ ఖాళీని పారే నీటిలోనే మూయాలి. గేట్ల పనిలో జీవితం గడిపిన తెలుగు ఇంజనీరు కన్నయ్య నాయుడిని విశ్రాంత జీవితం నుంచి పిలిపించారు. హొస్పేట చుట్టుపక్కల కార్ఖానాల్లో ఉక్కు పలకలు తయారయ్యాయి. వాటిని ఒకదాని మీద ఒకటి దించి వారం తిరిగేలోగా నీటిని ఆపారు. అక్కడ పనిచేసిన వెల్డర్లు, క్రేన్ నడిపినవాళ్లు, బోర్డు సిబ్బంది ఏ భాషలో మాట్లాడుకున్నారని ఎవరూ అడగలేదు. ఆ గేటు ఏ రాష్ట్రానిదన్న వాదనా పుట్టలేదు. బోర్డు గేటు అది. మరమ్మతు ఎవరు చెయ్యాలన్న ప్రశ్నకు 70 ఏళ్ల కిందటే జవాబు రాసిపెట్టి ఉంది.

అదే బోర్డును గేట్ల నిర్వహణ ఎందుకు కుంటుపడిందని నిలదీయాల్సిందే. 2025లో మిగతా గేట్ల పరిస్థితి చూసి నిల్వను 80 టీఎంసీల దగ్గరే ఆపుకోవాల్సి వచ్చిందంటే నిర్లక్ష్యం ఎంత ముదిరిందో తెలుస్తుంది. అయినా నిలదీయడానికి ఎదురుగా ఒకరున్నారు. ఆంధ్రలోని మడకశిర, కర్ణాటకలోని పావగడల మధ్య ఏదైనా తెగితే ఎవరిని నిలదీయాలి?

ఈ నేల ఎలా రెండయిందో కొంచెం చెప్పాలి. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో అనంతపురంలో మకాం పెట్టాడు. 1882 దాకా అనంతపురం బళ్లారి జిల్లాలో భాగం. మా తాతల కాలంలో కోర్టు పనికైనా కాలేజీ చదువుకైనా ‘జిల్లాకు పోయొస్తా’ అంటే బళ్లారికి పోవడమే. 1953లో భాష ప్రాతిపదికన గీత గీశారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. బళ్లారి తాలూకా సంగతి తేల్చడానికి జస్టిస్ ఎల్.ఎస్. మిశ్రాను నియమించారు. ఆయన దాన్ని మైసూరుకే ఇవ్వాలన్నారు. రెండేళ్ల తర్వాత రాష్ట్రాల పునర్విభజన సంఘం తుంగభద్ర ప్రాజెక్టును దృష్టిలో పెట్టుకుని బళ్లారిని ఆంధ్రకు ఇవ్వడం మేలని సిఫారసు చేసింది. ప్రభుత్వం ఒప్పుకోలేదు. బళ్లారి పేరెత్తితే రెండు వైపులా పెద్దవాళ్ల గొంతు ఇప్పటికీ మారుతుంది.

భాషను కొలబద్దగా పెట్టి గీసిన గీత భాషనే సరిగ్గా కొలవలేకపోయింది. ఈ నేల తీరు అలాంటిది. కన్నడం మాట్లాడే ఊళ్లు ఎన్నో ఉన్న మడకశిర ఆంధ్రలో ఉంది. బజారులో అడుగు పెడితే తెలుగు చెవిన పడే పావగడ కర్ణాటకలో ఉంది. ‘పల్లి’ అని తెలుగు తోక తగిలించుకున్న బాగేపల్లి వాళ్లది. ‘హాళ్’ అని కన్నడ తోకతో ఉన్న బొమ్మనహాళ్, డి. హీరేహాళ్ మనవి. మన పాలు అక్కడ హాలు, మన పులి హులి, మన పల్లి హళ్లి. మన చెరువు వాళ్ల కెరె, మన చెవి వాళ్ల కివి, మన చెయ్యి వాళ్ల కై. తెలుగు ‘ప’ పాత మాటల్లో కన్నడ ‘హ’ అవుతుందనీ, మన ‘చ’ చాలాచోట్ల వాళ్ల ‘క’ అవుతుందనీ పట్టుకున్న పిల్లవాడికి అవతలి భాష ఒక్క వేసవి సెలవుల్లో వచ్చేస్తుంది. లిపి సంగతి చెప్పనక్కర్లేదు, రెండూ ఒకే తల్లి బిడ్డలు. కోస్తా వాళ్లు బొబ్బట్లనేదాన్ని మేం ఓళిగలంటాం, అవతల హోళిగె. మా సంగటి వాళ్ల ముద్దె. రాగులు అవే, ఊరిబిండిలోకి వేసే చెనిక్కాయలూ అవే.

అమరాపురం మండలంలోని హేమావతి ఒకప్పుడు హెంజేరు, నొళంబ రాజుల రాజధాని. లేపాక్షి వీరభద్రాలయానికి వచ్చే తెలుగు యాత్రికులు తలెత్తి బొమ్మలు చూస్తారు, గోడల మీది శాసనాల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతారు, ఎందుకంటే అవి కన్నడంలో ఉన్నాయి. కంబదూరు దగ్గరి రాళ్లపల్లిలో పుట్టిన అనంతకృష్ణశర్మ 1912 నుంచి 1949 దాకా మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు చెప్పారు. కన్నడంలో సంగీతం మీద పుస్తకం రాశారు. తర్వాత తిరుపతికి వచ్చి అన్నమయ్య కీర్తనలకు స్వరాలు కూర్చారు. తాడిపత్రిలో పుట్టిన రాఘవాచార్యులు వకీలుగా బళ్లారిలో స్థిరపడి, తెలుగులోనూ కన్నడంలోనూ వేషాలు కట్టి బళ్లారి రాఘవ అయ్యారు. ఈ రోజుకీ బళ్లారిలో నాటకశాలకు ఆయన పేరే ఉంది. వీళ్లను ఇటువైపు వాళ్లనో అటువైపు వాళ్లనో పంచుకోవడానికి వీల్లేదు.

ఇదంతా మురిసిపోవడానికి బాగానే ఉంటుంది. కానీ సరిహద్దు పల్లెల్లో తిరిగేవాడికి ఈ మురిపెం ఎక్కువసేపు నిలవదు. నేను చూసిన ఒక కాగితం గురించి చెబుతాను.

ఒక సరిహద్దు పల్లెలో ఆరేళ్ల కిందట జరిగిన పెళ్లి తాలూకు లగ్నపత్రిక అది. ఎడమ వైపు కన్నడంలో, కుడి వైపు తెలుగులో, మధ్యన పసుపు మరక. పిల్ల ఆంధ్ర వైపు, పిల్లవాడు కర్ణాటక వైపు, రెండిళ్లకూ మధ్య బస్సులో అరగంట దూరం. రెండు కుటుంబాలదీ ఒకే కులం, ఇక్కడ బోయలంటారు, అక్కడ నాయకులంటారు. ఆ పిల్లవాడు బోరు దగ్గర కరెంటు తగిలి పోయాడు. కోడలిగా వెళ్లిన పిల్ల కొడుకును వెంటబెట్టుకుని తల్లి దగ్గరికి తిరిగొచ్చింది. ఇప్పుడా బిడ్డకు కుల ధ్రువీకరణ పత్రం కావాలి. తండ్రి కాగితాలు అవతల ఉన్నాయి, కన్నడంలో ఉన్నాయి. ఇవతలి కార్యాలయంలో అవి చదవలేమన్నారు, తర్జుమా చేయించి అక్కడి నుంచి విచారణ పత్రం తెమ్మన్నారు. అక్కడికి వెళితే బిడ్డ ఆంధ్రలో ఉంటున్నాడు కాబట్టి ఆంధ్రలోనే తీసుకోండన్నారు. పిల్ల తల్లి, ఆ ముసలమ్మ, కాగితాల సంచి ఒళ్లో పెట్టుకుని నన్నడిగింది: ‘పొలం గట్టు దాటితే కులం మారిపోతాదా సామీ?’

మారిపోతుంది. కర్ణాటకలో నాయక, బేడ, వాల్మీకి పేర్లున్నవాళ్లు షెడ్యూల్డు తెగలు. ఆంధ్ర మైదాన ప్రాంతంలో వాల్మీకి, బోయలు బీసీ ‘ఎ’ గ్రూపు. వాళ్లను ఎస్టీల్లో చేర్చమని ఆంధ్ర శాసనసభ 2017 డిసెంబరులో ఒకసారి, 2023 మార్చిలో ఇంకోసారి తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. మన దగ్గర ఎస్టీలైన లంబాడీలు గట్టు దాటితే ఎస్సీలు. మన దగ్గర బీసీలైన వడ్డెరలు అక్కడ భోవి పేరుతో ఎస్సీలు. ఒక రాష్ట్రపు హోదా ఇంకో రాష్ట్రానికి వెంట రాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఉద్యోగం కోసం వెయ్యి కిలోమీటర్లు వలసపోయిన కుటుంబానికి ఆ సూత్రం ఎలా వర్తిస్తుందన్నది ఒక సంగతి. తరతరాలుగా వియ్యమందుకుంటున్న పక్క పక్క ఊళ్ల మీద అది పడ్డప్పుడు సంగతి వేరు. అక్కడ జనం ఎటూ కదల్లేదు. కదిలింది గీత.

జాబితాలు మార్చడం పార్లమెంటు పని, అది ఏళ్ల మాట. నా ప్రశ్న అంతకంటే చిన్నది. అరగంట దూరంలో ఉన్న రెండు కార్యాలయాలు ఒకదాన్ని ఇంకొకటి నేరుగా అడిగి, ‘ఈ బిడ్డ తండ్రి మీ ఊరివాడేనా, ఆ కాగితం నిజమేనా’ అని తేల్చుకునే పద్ధతి 70 ఏళ్లలో ఎందుకు ఏర్పడలేదు? ఉత్తరం ఇక్కడి నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాజధానికి, అక్కడి నుంచి పక్క రాజధానికి, మళ్లీ కిందికి దిగి రావాలి. పొలం గట్టు దాటడానికి కాగితం అమరావతి, బెంగళూరు తిరిగొస్తోంది.

చదువు సంగతీ ఇలాంటిదే. ఆంధ్రలో కన్నడ మాధ్యమం బడులున్నాయి, పదో తరగతి పరీక్ష కన్నడంలో రాయొచ్చు, డీఎస్సీలో కన్నడ ఉపాధ్యాయుల పోస్టులు విడిగా ప్రకటిస్తారు. ఇది ఆంధ్రకు గౌరవం తెచ్చే విషయం. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పించాలన్న 350ఎ అధికరణం 1956లో రాజ్యాంగంలో చేరింది సరిగ్గా ఇలాంటి తాలూకాల కోసమే. కర్ణాటక తన సరిహద్దు తాలూకాల కోసం 2010లో చట్టం చేసి ప్రత్యేక ప్రాధికార సంస్థను పెట్టుకుంది. మంచిదే. కానీ బడి గోడ ఒకరు కట్టి, పాఠ్య పుస్తకం ఇంకొకరు అచ్చువేసి, పది అయ్యాక ఆ పిల్లలు ఎటు పోవాలో ఎవరూ చూడకపోతే ఏం లాభం? మడకశిర దగ్గరి రొళ్ల, అగళి వైపు కన్నడంలో పది చదివిన పిల్ల ఇంటర్‌కు ఇటు వస్తే భాష మారిపోతుంది, అటు పోతే స్థానికత పోతుంది. అటువైపు బళ్లారి, కోలారు పక్కల తెలుగు బడుల పరిస్థితి ఇంకా చిక్కిపోయింది. రెండు ప్రభుత్వాలూ తమ భాష పిల్లలు అవతల ఏమవుతున్నారని అడుగుతాయి. తమ దగ్గరున్న అవతలి భాష పిల్లల గురించి అంత గట్టిగా అడిగిన రోజు ఈ బడులు బాగుపడతాయి.

ఇలా చిక్కుపడ్డ నేలలు ప్రపంచంలో ఇంకా ఉన్నాయి. ఫ్రాన్సు, స్పెయిన్ మధ్య పిరనీస్ కొండల్లో సెర్దాన్యా అనే లోయ ఉంది. అక్కడి భాష కతలాన్. 1659లో రెండు రాజ్యాల మధ్య సంధి కుదిరింది. మరుసటి ఏడు లెక్క తేల్చుకుని 33 పల్లెలను ఫ్రాన్సుకు ఇచ్చారు. లీవియాకు మాత్రం పల్లె కాదు పట్టణం అన్న హోదా ఉండటంతో అది స్పెయిన్‌కే మిగిలింది. అలా ఈ రోజుకీ అది ఫ్రాన్సు నేల మధ్యలో ఉన్న స్పెయిన్ ఊరు. పావగడ పటం చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. మూడు వైపులా దాదాపు ఆంధ్రే. తుమకూరు జిల్లాలోని మిగతా తాలూకాలతో దానికి నేల కలవదు.

సెర్దాన్యాలో ఫ్రాన్సు వైపు జనానికి పెద్దాసుపత్రి కావాలంటే పెర్పిన్యా దాకా వంద కిలోమీటర్లు కొండ దిగాలి. మంచు పడితే అదీ కష్టం. అటు, ఇటు కలిపి జనం 30 వేల చిల్లర. ఏ ఒక్క వైపూ సొంతంగా మంచి ఆసుపత్రి నడిపేంత జనాభా లేదు. అందుకని ఉమ్మడిగా ఒక సంస్థ పెట్టి, యూరోపియన్ యూనియన్ నిధులతో సరిహద్దు పక్కనే పుయిగ్సెర్దాలో ఒకే ఆసుపత్రి కట్టారు. 2014 నుంచి అది నడుస్తోంది. కతలాన్, స్పానిష్, ఫ్రెంచ్ మూడు భాషల్లోనూ రోగితో మాట్లాడతారు. మొదట్లో చిక్కులు వచ్చాయి. ఫ్రెంచ్ తల్లికి స్పెయిన్ నేల మీద పుట్టిన బిడ్డను ఎక్కడ నమోదు చెయ్యాలన్నది కూడా చిక్కే అయింది. ఉమ్మడి సంస్థ ఉంది కాబట్టి ఒక్కొక్క ముడీ విప్పుకుంటూ వచ్చారు. సరిహద్దు మాత్రం దాని కోసం అంగుళం కదల్లేదు.

ఆ కతలాన్ సీమ రాజధాని బార్సెలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి ఇక్కడే కన్నుమూశారు. ఆయన పెట్టిన సంస్థ కట్టిన బత్తలపల్లి ఆసుపత్రి గడప తొక్కని కుటుంబం ఈ జిల్లాలో అరుదు. అంత దూరం నుంచి ఒక మనిషి వచ్చి ఇక్కడివాడై పోగలిగాడు. అలాంటి చోట మడకశిర మనిషికి, పావగడ మనిషికి కలిపి ఒక ఆసుపత్రి ఎందుకు ఉండకూడదని అడగడం అత్యాశ అనిపించదు. ఆంధ్ర ప్రభుత్వం 2019 నవంబరులో ఆరోగ్యశ్రీని బెంగళూరు పెద్దాసుపత్రులకు విస్తరించింది. గుండె ఆపరేషన్‌కు అది వరం. రాత్రి పూట పాము కరిచినవాడికి, నొప్పులు పడుతున్న తల్లికి కావాల్సింది పక్క తాలూకా ఆసుపత్రి. తన కార్డు అక్కడ చెల్లుతుందన్న హామీ.

ఒకే భాష ఉంటే సహకారం దానంతట అదే వస్తుందని కొందరంటారు. 2021 మే నెల గుర్తుచేసుకుంటే చాలు. కోవిడ్ రెండో విజృంభణలో ఊపిరాడని రోగులతో హైదరాబాద్ పోతున్న అంబులెన్సులను పుల్లూరు టోల్‌గేటు దగ్గర తెలంగాణ పోలీసులు ఆపేశారు. గేటుకు అటూ ఇటూ తెలుగే. మే 14న తెలంగాణ హైకోర్టు జోక్యం చేసుకుని ఆ ఉత్తర్వును నిలిపేదాకా దారి తెరుచుకోలేదు. రెండు వేర్వేరు భాషల మధ్య తుంగభద్ర బోర్డు నడుస్తోంది. ఒకే భాష మధ్య అంబులెన్సు ఆగిపోయింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పటి నుంచీ నాకు ‘మనం మనం ఒకటే’ అన్న మాట మీద నమ్మకం తగ్గింది, రాతపూర్వకమైన ఏర్పాటు మీద పెరిగింది.

ఉత్తర యూరప్ దేశాలు 1981లో ఒక భాషా ఒప్పందం రాసుకున్నాయి, అది 1987లో అమలుకు వచ్చింది. స్వీడన్ మనిషి డెన్మార్క్ ఆసుపత్రిలోనో పన్నుల కార్యాలయంలోనో తన భాషలోనే మాట్లాడవచ్చు. అర్థం చేసుకునే ఏర్పాటు చేయడానికి పాటుపడాల్సింది ఆ కార్యాలయం. అమలులో లోటుపాట్లు ఉన్నాయని అక్కడివాళ్లే అంటారు. అయినా ఆ ఒప్పందంలోని ఊహ నాకు చాలా ఇష్టం. కాలువ గట్టు మీద మన లస్కర్లు ఏ ఒప్పందమూ లేకుండా చేస్తున్నది అదే కదా. ఆ ముసలమ్మ సంచిలోని కన్నడ కాగితాన్ని చదవలేమన్న చోట, కన్నడం చదవడం వచ్చిన మనిషి ఆ మండలంలోనే పదుల సంఖ్యలో దొరుకుతారు. దొరకనిది, ఆ మనిషి చదివి చెబితే చెల్లుతుందన్న ఉత్తర్వు.

నీళ్ల దగ్గరికి వస్తే విషయం ఇంకా బరువెక్కుతుంది. మా అనంతపురం పీఠభూమిలో ఏడాది వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరుగుతుంది. పావగడ, చెళ్లకెర, మొళకాల్మూరుల ఆకాశం ఇంతకంటే దయగా ఏమీ ఉండదు. ఇక్కడ పారే పెద్ద నదులన్నీ పైనుంచి, అంటే కర్ణాటక నుంచి వస్తాయి. పెన్న నంది కొండల్లో పుట్టి గౌరిబిదనూరు మీదుగా హిందూపురం వస్తుంది, పావగడలో ఒక అడుగేసి మళ్లీ మన వైపు తిరుగుతుంది. చిత్రావతి బాగేపల్లి దాటి పుట్టపర్తికి వస్తుంది. వేదవతి హిరియూరు దాటి, హగరి అన్న పేరు కూడా మోసుకుంటూ, గుమ్మగట్ట మండలంలోని భైరవానితిప్ప ప్రాజెక్టుకు చేరుతుంది. 1892లో మద్రాసు, మైసూరు ప్రభుత్వాలు రాసుకున్న ఒప్పందంలోనే ఈ నదుల పేర్లున్నాయి. పైవాళ్లు కొత్త ఆనకట్ట కట్టాలంటే కిందివాళ్లను అడగాలని అందులో ఉంది. తెల్లవాళ్ల కాలపు ఆ కాగితం తర్వాత ఆంధ్ర, కర్ణాటకల మధ్య ఏర్పడిన ఉమ్మడి వ్యవస్థ తుంగభద్ర బోర్డు ఒక్కటే. పెన్నకు లేదు, చిత్రావతికి లేదు, వేదవతికి లేదు. చిత్రావతి మీద పరగోడు కడుతుంటే ఆంధ్ర అభ్యంతరం చెప్పింది, వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. పక్క ఊరి చెరువు గురించి ఢిల్లీలో వాదించుకున్నాం.

వేదవతి కథ వింటే మనసు కలుక్కుమంటుంది. హిరియూరు దగ్గర వాణీవిలాస సాగరం 1907 నాటిది. అది 1933లో పొర్లింది, మళ్లీ పొర్లింది 2022 సెప్టెంబరులోనే. మధ్యలో 89 ఏళ్లు. పైన పొర్లితే భైరవానితిప్పకు పెద్ద వరద. ఇప్పుడు ఎగువ భద్ర పథకం కింద భద్ర నీళ్లను కూడా ఆ సాగరంలోకి ఎత్తిపోస్తున్నారు. 29.9 టీఎంసీల ఆ పథకానికి 2023–24 కేంద్ర బడ్జెట్‌లో 5,300 కోట్ల సాయం ప్రకటించారు. తుంగభద్రకు వచ్చే నీళ్లు తగ్గుతాయని ఆంధ్ర వ్యతిరేకిస్తోంది. ఆ భయం నిజమైనదే. ఆ నీళ్ల కోసం తరాలుగా చూస్తున్న చిత్రదుర్గ, తుమకూరు రైతుల ఆశ కూడా అంతే నిజమైనది. తుంగభద్ర వెనుక జలాల నుంచి పావగడకు తాగునీటి పథకం వేశారు. ఫ్లోరైడు నీళ్లు తాగి ఎముకలు వంగిన ఊళ్లకు ఆ నీళ్లు చేరుతుంటే, అందులోనూ తెలుగు మాట్లాడే తల్లుల బిందెల్లోకి చేరుతుంటే, మా వాటా పోతోందని అనడానికి నాకు నోరు రాదు.

నోరు విప్పాల్సింది పూడిక గురించి. 133 టీఎంసీలకు కట్టిన తుంగభద్ర జలాశయంలో ఇప్పుడు నిలిచేది 105.788. ఎగువ కాలువలో ఆంధ్ర వాటా కాగితం మీద 32.5 టీఎంసీలు. జలాశయమే కుంచించుకుపోయాక ఆ అంకె చేతికి ఎలా వస్తుంది? దీనికి కర్ణాటక నవలి దగ్గర ఇంకో జలాశయం కడతానంటుంది, ఆంధ్ర తన వాటా తెచ్చుకోవడానికి ఎగువ కాలువకు సమాంతరంగా ఇంకో కాలువ తవ్వుదామంటుంది. రెండూ వేల కోట్ల పనులు, రెండూ ఒకరి మీద ఒకరికి అనుమానం పెంచే పనులు. పూడిక ఎక్కడి నుంచి కొట్టుకొస్తోంది, పైన ఏ గుట్టలు బోడిగా ఉన్నాయి, ఏ వాగుకు చెక్ డ్యాములు కట్టాలి అని ఇద్దరూ కలిసి చూసే పనికి దీంట్లో పదో వంతు పట్టుదల చూపినా ఎన్ని టీఎంసీలు నిలిచేవో.

నీళ్లే కాదు, రైలు సంగతీ అంతే. రాయదుర్గం నుంచి కల్యాణదుర్గం, పావగడ, మడకశిర మీదుగా తుమకూరుకు 207 కిలోమీటర్ల రైలు మార్గం 2007–08లో మంజూరైంది. రెండు రాష్ట్రాలూ ఖర్చు పంచుకోవాలి. ముక్కలు ముక్కలుగా నడుస్తోంది. దాని గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు.

ఇవన్నీ చూసుకోవడానికి 1956 రాష్ట్రాల పునర్విభజన చట్టం కింద దక్షిణ ప్రాంతీయ మండలి ఉంది కదా అనవచ్చు. 2021 నవంబరులో తిరుపతిలో, 2022 సెప్టెంబరులో తిరువనంతపురంలో అది కూర్చుంది. ముఖ్యమంత్రులు వచ్చే ఆ సభలో విభజన బకాయిలు, పెద్ద నదుల తగాదాలు మాట్లాడుకునేసరికే పొద్దు గూకుతుంది. అగళి బడి సంగతి, కన్నడ కాగితం సంగతి అక్కడిదాకా ఎక్కవు. ఆ పని అనంతపురం, శ్రీ సత్యసాయి, బళ్లారి, చిత్రదుర్గ, తుమకూరు, చిక్కబళ్లాపుర కలెక్టర్లు చెయ్యాలి. ఆ ఆరు జిల్లాలకు ఒక ఉమ్మడి మండలి కావాలి. అది కూర్చునే తేదీలు ముందే రాసి ఉండాలి, ఖర్చుకు దానికంటూ నిధి ఉండాలి, తుంగభద్ర బోర్డుకు ఉన్నట్టే చట్టం వెన్ను ఉండాలి. సరిహద్దు మండలాల కార్యాలయాల్లో తెలుగు, కన్నడ కాగితం రెండూ చెల్లాలి. పక్క తాలూకా ఆసుపత్రిలో ఇవతలి కార్డు పనిచేయాలి. వాణీవిలాస సాగరం గేజీ అంకె గుమ్మగట్ట రైతు ఫోనుకు రావాలి. ఉరవకొండ మిరప బ్యాడగి యార్డుకు పోతే, మన పట్టుగూళ్లు రామనగర మార్కెట్‌కు పోతే, తూకంలో మోసం జరిగిందన్న ఫిర్యాదు ఇక్కడే ఇవ్వగలగాలి.

దీనికి రెండు రాష్ట్రాల్లోనూ అడ్డు చెప్పేవాళ్లుంటారని తెలుసు. తెలుగు కాగితానికి చోటిస్తే రేపు బళ్లారి అడుగుతారని అక్కడ, కన్నడానికి చోటిస్తే మడకశిర అడుగుతారని ఇక్కడ. 1953 గాయం మానలేదు కాబట్టి ఆ భయాన్ని నేను చిన్నచూపు చూడను. కానీ ఎవరి నేల వాళ్లకు ఖాయమైపోయి 70 ఏళ్లు దాటింది. గీత ఎక్కడుండాలన్న వాదన ముగిసిపోయింది. గీతను ఆనుకుని బతుకుతున్నవాళ్ల పనులు మొదలే కాలేదు.

ఆ మండలి మొదటిసారి కూర్చునేది పావగడలో అయితే బాగుంటుంది. రెండు వైపుల నుంచీ బస్సుంది. దుబాసీ అక్కర్లేదు, కాలువ గట్టు మీది ఆ ఇద్దరు లస్కర్లలా ఎవరి భాషలో వాళ్లు మాట్లాడితే సరిపోతుంది. ఆ బల్ల మీద పెట్టడానికి మొదటి దరఖాస్తు సిద్ధంగా ఉంది. తండ్రి పేరు కన్నడంలో, తల్లి పేరు తెలుగులో ఉన్న కాగితాల సంచి అది. నేను కిందటి వారం వెళ్లేసరికి ఆ ముసలమ్మ దాన్ని వాన తగలకుండా ప్లాస్టిక్ కవరులో చుట్టి దూలానికి కట్టి ఉంచింది. మనవడికి జూన్‌లో ఐదు నిండుతాయి.